కిడ్నీ రాయికి పీసీఎన్ఎల్ ఆపరేషన్ చేయించుకునేవాళ్ళు జాగ్రత్త, "మొత్తం తీసేశాం" అంటే నమ్మేయకండి

ఇప్పుడే రిపోర్ట్ పట్టుకుని ఇంటికొచ్చా, కోపం ఇంకా దిగలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

అమ్మకి ఎడమ కిడ్నీలో 34 మిల్లీమీటర్ల రాయి, కింది వైపుకి కొమ్మలా పాకింది. 2 సెంటీమీటర్లు దాటిన రాయికి వీపు దగ్గర చిన్న రంధ్రం పెట్టి, లోపలే పగలగొట్టి తీసే పీసీఎన్ఎల్ మంచిదన్నారు, అక్కడివరకు నిజమే చెప్పారు, వేరే డాక్టరూ అదే అన్నారు. ఆపరేషన్ అయింది, మూడో రోజు ఇంటికి పంపారు. "మొత్తం తీసేశాం, ఒక్క ముక్క కూడా లేదు" అని డిశ్చార్జ్ సమ్మరీలో కూడా రాసిచ్చారు. తర్వాత మూత్రనాళంలో పెట్టిన సన్న గొట్టం, స్టెంట్, తీశారు, ఆ రోజైనా ఒక స్కాన్ తీయలేదు, నేనూ అడగలేదు.

ఐదు వారాలకి నొప్పి, చలిజ్వరం. వేరే చోట సిటీ స్కాన్ తీయిస్తే 13 మిల్లీమీటర్ల ముక్క ఉంది.

రిపోర్ట్ తీసుకుని అమ్మతో కలిసి అదే డాక్టర్ దగ్గరికెళ్ళా. ఆయన ఫిల్మ్ వెలుతురులో పెట్టి కూడా చూడలేదండీ. నావైపు కాదు, అమ్మవైపు తిరిగి "ఇది కొత్త రాయమ్మా, నీళ్ళు సరిగ్గా తాగుంటే వచ్చేది కాదు" అన్నారు. ఈ ఐదు వారాలూ అమ్మ బాటిల్ మీద గీతలు పెట్టుకుని, రాత్రి లేచి మరీ తాగింది, నేను పక్కనే ఉన్నా. అంత మాటకి అమ్మ తలొంచుకుని "సరే డాక్టర్ గారూ, ఇకనుంచి తాగుతా" అంది. నా నోటమాట రాలేదు, అక్కడే గట్టిగా అడగాల్సింది, అడగలేకపోయా, అదే ఇప్పుడు తినేస్తోంది నన్ను. రెండో డాక్టర్ ఆపరేషన్‌కి ముందటి స్కాన్, ఈ కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టి చూపించారు, అది మొదటి రాయి తాలూకు కింది కొమ్మే, ఉన్నచోటే ఉంది.

ముక్క మిగలడమే తప్పని నేనట్లేదు. పెద్ద రాళ్ళకి అలా జరుగుతుంది, రెండోసారి చెయ్యాల్సి రావచ్చని మేం సంతకం పెట్టిన కన్సెంట్ ఫారంలోనే ఉంది. మిగిలిందని చెప్పుంటే ఒప్పుకునేవాళ్ళం. చూడకుండా లేదని రాయడం, బయటపడ్డాక పేషెంట్ మీదకి నెట్టడం, అది నేను క్షమించలేను.

చేయించుకోబోయేవాళ్ళు "క్లియర్" అనగానే ఏ స్కాన్ చూసి అంటున్నారో అడగండి, ఆ ఫిల్మ్ మీ చేతికి తీసుకోండి. తీసిన ముక్కలు టెస్ట్‌కి పంపమనండి, మావి పారేశారట. చలిజ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే వెళ్ళండి.

యూరిన్ కల్చర్‌లో ఇన్ఫెక్షన్ తేలింది, అది తగ్గాకే రెండో ఆపరేషన్. ఇందాక అమ్మ పిలిచి, "నేనే నీళ్ళు తక్కువ తాగానేమోరా" అంటోంది.