‘కళ్లు మూసుకుని కొనెయ్’ అన్నది నేనే: ఎల్ఎం2596 బక్ మాడ్యూల్‌తో మూడేళ్లు

బక్ మాడ్యూల్ అంటే ఎక్కువ వోల్టేజీని తక్కువకి దించే చిన్న బోర్డు. నా కోపమంతా ఈ బోర్డు మీద వోల్టేజీ సరిచేయడానికుండే ఆ బుల్లి ఇత్తడి స్క్రూ మీదే. మిగతా బోర్డుతో నాకు పేచీ లేదు.

కరెంటు పోయినా రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఆగకూడదని 12 వోల్టుల బ్యాటరీ నుంచి దానికి 5 వోల్టులు ఇస్తున్నాను. మొదట్లో 7805 అనే పాతకాలం రెగ్యులేటర్ చిప్ పెట్టాను. ముప్పావు ఆంపియర్‌కే అది ఐదు వాట్లు వేడిగా తగలేసేది, హీట్ సింక్ మీద వేలు పెడితే చురుక్కుమనేది. ఈ బక్ మాడ్యూల్ అలా కాదు. మిగులు వోల్టేజీని కాల్చేసే బదులు సెకనుకు లక్షన్నర సార్లు స్విచ్ వేసి తీస్తుంటుంది. వేసినప్పుడు కాయిల్‌లో దాచిన శక్తి, తీసినప్పుడు డయోడ్ తోవన తిరిగి లోడ్‌కే పోతుంది. చల్లగా ఉందని మురిసిపోయి ఓ ఫ్రెండుకి ‘కళ్లు మూసుకుని కొనెయ్’ అని కూడా చెప్పాను.

పోయిన వానాకాలం ఓ రాత్రి రాస్ప్‌బెర్రీ పై చచ్చిపోయింది. మీటర్ పెడితే 5 ఉండాల్సిన చోట 11.7! స్క్రూని గోటితో కదిపితే 5కి దిగుతుంది, చెయ్యి తీయగానే మళ్లీ పైకి. స్విచ్ వేసి తీసే ఐసీ (చిప్) పోయిందేమోనని చాలాసేపు దాన్నే తిట్టుకున్నాను, తీరా చూస్తే దాని తప్పేం లేదు. అవుట్‌పుట్ నుంచి ట్రిమ్‌పాట్ (ఆ స్క్రూ తిప్పితే విలువ మారే రెసిస్టర్) గుండా వెనక్కొచ్చే వోల్టేజీని అది తన 1.23 వోల్టులతో పోల్చుకుని, తగ్గితే స్విచ్‌ని ఇంకాసేపు వేసి ఉంచుతుంది. ట్రిమ్‌పాట్ లోపల చెమ్మకో దుమ్ముకో కాంటాక్ట్ వదిలేసింది, వెనక్కొచ్చేది సున్నా అయింది, పాపం ఐసీ అవుట్‌పుట్ పడిపోయిందనుకుని స్విచ్ వేసి అలాగే వదిలేసింది. బ్యాటరీ వోల్టేజీ దాదాపు మొత్తం రాస్ప్‌బెర్రీ పై నెత్తిన పడింది.

ట్రిమ్‌పాట్ పీకేసి దాని చోట 1కె (వెయ్యి ఓమ్‌ల) రెసిస్టర్ వేశాను. బోర్డు మీద అప్పటికే ఉన్న 330 ఓమ్‌లతో కలిపి లెక్క వేస్తే 4.96 వోల్టులు వస్తుంది, మీటర్ కూడా ఇంచుమించు అంతే చూపించింది. అవుట్‌పుట్‌కి వోల్టేజీ హద్దు దాటకుండా 5.6 వోల్టుల జీనర్ డయోడ్, ఇన్‌పుట్‌లో ఒక ఆంపియర్ ఫ్యూజ్ కూడా పెట్టాను. దొంగలు పడ్డ ఆర్నెల్లకు అన్నట్టు.

చల్లగా ఉంటుందన్నానుగా, అది నా లోడ్ వరకే. రెండు ఆంపియర్లు లాగి చూశాను, పది నిమిషాలకే ఐసీ మీద వేలు ఆగలేదు. మూడు అని అమ్ముతారు గానీ హీట్ సింక్ లేకుండా నేనైతే ఒకటిన్నర దాటించను. నాన్న రేడియో పక్కన పెడితే మీడియం వేవ్‌లో కీచుమంటూ గోల కూడా.

మళ్లీ కొంటానా అంటే, కొన్నాను, డ్రాయర్లో ఇంకో రెండున్నాయి. కాకపోతే నా దగ్గర సోల్డరింగ్ ఐరన్ ఉంది, ట్రిమ్‌పాట్ పీకడానికి పావుగంట చాలు. అది లేనివాళ్లు వోల్టేజీ ఫిక్స్ చేసి వచ్చే రకం దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. ఆ ఫ్రెండుకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే, తను ఇంకా ప్యాకెట్టే విప్పలేదట.