గిట్టలకు మూడు రకాల సప్లిమెంట్లు వాడాం, చివరికి నిలిచింది ఒకటే

ముందే చెప్పేస్తాను: మేం ఇప్పటికీ వాడుతున్నది ఆ మూడింటిలో చూడటానికి అన్నిటికంటే నాసిగా ఉన్నది. డబ్బా మీద మెరిసే గుర్రం బొమ్మ లేదు, వాసన అంతంత మాత్రం, మా గుర్రం మొదట్లో దాన్ని చూసి మూతి తిప్పుకునేది. కానీ రోజుకు వేయాల్సిన మోతాదులో జింక్ ఎంత, కాపర్ ఎంత, బయోటిన్ ఎంత, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఎంత అని డబ్బా వెనక లెక్క స్పష్టంగా ఉంది. గిట్టల కోసం ఏది కొన్నా ముందు తిప్పి చూడాల్సింది ఆ వెనక వైపే.

మా ఆడగుర్రం బరువు సుమారు 500 కిలోలు. ఇబ్బందంతా ముందు కాళ్ల గిట్టల్లోనే. గిట్ట గోడ, అంటే బయటి గట్టి పెంకు, అంచు పెచ్చులుగా రాలిపోయేది. లాడం ఒక పక్క వదులైతే చాలు, మేకుల మధ్య ఉన్న గోడ కూడా ముక్కగా ఊడి వచ్చేది. లాడాలు వేసే ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని, గిట్టను అటూ ఇటూ తిప్పి, "మేకు కొట్టడానికి చోటేదండీ? ఉన్నవన్నీ పాత కన్నాలే" అనేవారు. లాడం సైజు మార్చినా, మేకులు సన్నవి వాడినా అంతే. లోపలి నుంచి బలం రావాలి, దాణా ఒకసారి చూసుకోండి అన్నదీ ఆయనే.

సప్లిమెంట్ల సంగతికి ముందు గిట్ట ఎలా పెరుగుతుందో తెలియాలి, లేకపోతే డబ్బు ఎందుకు దండగవుతోందో అర్థం కాదు. గిట్ట గోడ పైన, చర్మం కలిసే అంచు దగ్గర పుట్టి కిందికి దిగుతుంది. పెద్ద గుర్రంలో నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ముందు భాగం పైనుంచి నేల దాకా కొత్తగా రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. మడమ వైపు ఎత్తు తక్కువ కాబట్టి అక్కడ త్వరగా మారుతుంది. ఒకసారి తయారై కిందికి దిగిన గోడ మన గోరు లాంటిదే, దానికి ఏం తినిపించినా అందదు. అందుకే "నెల రోజుల్లో పగుళ్లు మాయం" అని రాసిన డబ్బాను నేను తిరిగి షెల్ఫులో పెట్టేస్తాను. ప్రతిసారీ గిట్టలు చెక్కించిన రోజు ఒకే పక్క నుంచి, ఒకే ఎత్తులో ఫొటో తీసి పెట్టుకున్నాం. మార్పు కనిపించింది ఆ ఫొటోల్లోనే, రోజూ చూసే కంటికి కాదు.

మొదట వాడింది ఒట్టి బయోటిన్ పొడి, రోజుకు 20 మిల్లీగ్రాములు. ఈ అంకెకు ఆధారం ఉంది. లిపిజానర్ జాతి గుర్రాల మీద చేసి 1995లో ప్రచురించిన అధ్యయనంలో ఇచ్చిందీ ఇంతే, అందులో కూడా తేడా కనబడటానికి చాలా నెలలు పట్టింది. గుర్రం పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు బయోటిన్‌ను కొంత వాటంతట అవే తయారు చేస్తాయి, అయినా పైనుంచి ఎక్కువ ఇస్తే కొన్ని గుర్రాల్లో గోడ నాణ్యత మెరుగవుతుంది. నీటిలో కరిగే విటమిన్ కాబట్టి మోతాదు కాస్త ఎక్కువైనా పెద్దగా టెన్షన్ పడాల్సింది లేదు. మా గుర్రానికి పైభాగంలో కొత్తగా వచ్చిన గోడ నునుపు తేలింది, పొరలు లేవడం తగ్గింది. అంచు పెళుసుదనం మాత్రం అలాగే ఉండిపోయింది. చెడ్డ సరుకేం కాదు, అదొక్కటే సరిపోలేదు.

రెండోది గుళికల రకం. దీని మీద నాకు ఇప్పటికీ చిరాకే. ముప్ఫైకి పైగా పదార్థాల పేర్లున్నాయి, వాటిలో సగానికి పక్కన అంకె లేదు, "ప్రత్యేక మిశ్రమం" అన్న మాట తప్ప. బయోటిన్ కిలోకు 500 మిల్లీగ్రాములని ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉంది. రోజుకు వేయమన్నది 20 గ్రాములు. లెక్కేస్తే గుర్రానికి అందేది 10 మిల్లీగ్రాములు, అంటే మొదటి పొడిలో సగం. జెలటిన్ కూడా కలిపారు. గిట్ట గోడ కెరాటిన్‌తో తయారవుతుంది, దానికి గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కావాలి, జెలటిన్‌లో అవి నామమాత్రం. అందులో కలిపిన మొలాసిస్ (చెరకు మడ్డి) వల్ల గుర్రం మాత్రం ఎగబడి తినేది, బకెట్ చప్పుడు వినగానే సకిలించేది. ఇన్సులిన్ సమస్య ఉన్న గుర్రానికి ఆ తీపే ప్రమాదం.

ఆ గుళికలు ఆపేయడానికి అసలు కారణం సెలీనియం అనే ఖనిజం. 500 కిలోల గుర్రానికి రోజుకు 1 మిల్లీగ్రాము ఉంటే చాలు. మా రోజువారీ ఖనిజ మిశ్రమంలో అది అప్పటికే ఉంది, ఈ గుళికల్లో మళ్లీ ఉంది. సెలీనియం చాలాకాలం మోతాదు మించితే జూలు, తోక వెంట్రుకలు రాలతాయి, గిట్ట పైఅంచు దగ్గర అడ్డంగా చీలుతుంది, ముదిరితే గిట్టే ఊడిపోతుంది. గిట్టల కోసం కొన్నది గిట్టలకే ముప్పు తెచ్చేలా ఉంది. మీ దగ్గర రెండు మూడు డబ్బాలు ఒకేసారి నడుస్తుంటే ముందు వాటన్నిటిలోని సెలీనియం కూడి చూడండి.

మూడోది కొనే ముందు ఎండుగడ్డి నమూనాను ల్యాబ్‌కు పంపాం. ఇనుము ఎక్కువ, జింక్, కాపర్ తక్కువ అని వచ్చింది. ఎండుగడ్డి మీద బతికే గుర్రాల్లో ఇది మామూలే. పెద్ద పని చేయని 500 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 400 మిల్లీగ్రాముల జింక్, 100 మిల్లీగ్రాముల కాపర్ కావాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2007 పట్టికలు చెబుతాయి. మాకు ఆ కనీసం కూడా అందడం లేదు. అందుకే హంగులేమీ లేని ఈ పొడిని తీసుకున్నాం: జింక్, కాపర్, బయోటిన్, మెథియోనిన్, కాస్త లైసిన్ (ఇదీ అమైనో ఆమ్లమే), అంతే. సెలీనియం లేదు, ఇనుము లేదు. ఇనుము కలిపిన "గిట్టల టానిక్" ఎక్కడ కనిపించినా పక్కన పెట్టండి, గడ్డిలో ఉన్నదే ఎక్కువ. మెథియోనిన్ విషయంలోనూ ఎక్కువైతే మంచిదనే లెక్క పనిచేయదు. కెరాటిన్ పోగుల్ని పట్టి ఉంచే గంధకపు బంధాలకు అది ముడిసరుకే కానీ, దాన్ని విడిగా కొని ఇష్టమొచ్చినట్టు కలపకూడదు.

రుచి మాత్రం ఘోరం. మొదటి వారం దాణా అంతా తిని పొడిని తొట్టి అడుగున వదిలేసేది. చిటికెడుతో మొదలుపెట్టి, దాణాను నీళ్లతో బాగా తడిపి, పొడి ప్రతి గింజకూ అంటేలా కలిపితే మెల్లగా అలవాటైంది. నానబెట్టిన లూసర్న్ మేతలో కలపడం అన్నిటికంటే తేలిక, పైగా అందులో ప్రొటీన్, కాల్షియం కూడా ఉంటాయి. అదే సమయంలో తవుడు తగ్గించేశాం, తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ.

ఫలితం? ఫొటోల్లో గిట్ట మీద అడ్డంగా సన్నటి గీత ఒకటి తేలింది. గీతకు పైన గోడ బిగువుగా, మెరుపుగా ఉంది, కింద పాత గరుకు. చెక్కించినప్పుడల్లా ఆ గీత కిందికి దిగుతూ వచ్చింది. కొత్త గోడ మేకులు పడే ఎత్తుకు చేరాక లాడాలు నిలవడం మొదలైంది. ఆకురాయి చప్పుడు కూడా మారింది, ఇదివరకు పొడిపొడిగా రాలేది ఇప్పుడు సన్నటి రజనుగా వస్తోంది. అయితే ఈ ఘనతంతా పొడి ఖాతాలో వేయను. అదే కాలంలో చెక్కించే వ్యవధిని ఆరు వారాలకు తగ్గించాం, లాయంలో నేల పొడిగా ఉండేలా చూశాం. ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కుదరదు.

అన్నట్టు, తెల్ల గిట్ట నల్ల గిట్ట కంటే మెత్తన అనే మాట ఇప్పటికీ వింటుంటాను. మా గుర్రానికి ముందు కాళ్లలో ఒకటి తెలుపు, ఒకటి నలుపు. రెండూ ఒకేలా పాడయ్యాయి, ఒకేలా బాగయ్యాయి.

కొన్నిటికి ఏ పొడీ పనికిరాదు. గిట్ట అడుగున దుర్వాసన, నల్లటి జిగురు ఉంటే అది కుళ్లు, శుభ్రం చేసి మందు వేయాలి. గిట్ట వేడిగా ఉండి, గుర్రం బరువంతా వెనక్కి వేసి నిలబడితే లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) అని అనుమానించి వెంటనే వెటర్నరీ డాక్టర్‌ను పిలవాలి. అలాంటప్పుడు డబ్బా తెప్పించుకుని వేచి చూడటం అంటే గుర్రాన్ని పోగొట్టుకోవడమే.

ఎవరు కొనక్కర్లేదు అంటే, మంచి బ్యాలెన్సర్‌ను (విటమిన్లు, ఖనిజాలు సరిపాళ్లలో కలిపిన దాణాను) పూర్తి మోతాదులో ఇస్తున్నవాళ్లు. వాళ్లు బయోటిన్ ఒక్కటి కలిపి చూస్తే చాలు. మిగతావాళ్లకు ఈ మూడో రకానికి ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది రుచికి కాదు, డబ్బాలో ఇచ్చిన చెంచాకు. దాంతో సమంగా కొలిచి త్రాసు మీద పెడితే చెప్పిన బరువు రాలేదు, బాగా తక్కువ తూగింది. ఇప్పుడు కొత్త డబ్బా తెరిచినప్పుడల్లా ఒకసారి తూచి, ఎంతవరకు నింపాలో చెంచా మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటున్నాం.