స్ట్రీట్ ఫైటర్ 30వ యానివర్సరీ కలెక్షన్: నాలుగేళ్లు ఆడాక

పాత స్ట్రీట్ ఫైటర్ ఫైటింగ్ గేమ్‌లను ఒకచోట చేర్చిన ఈ కలెక్షన్‌ను నాలుగేళ్ల కిందట కొన్నది ఒక్క ఆట కోసమే. చిన్నప్పుడు మా ఊరి బస్టాండు పక్కన వీడియో గేమ్స్ షాపులో కాయిన్లు వేసి ఆడిన స్ట్రీట్ ఫైటర్. అందులో ర్యూ అనే ఫైటర్ గాల్లో ఉండి ఫైర్‌బాల్ వేసేవాడు, అది ఎదుటివాడి వెంటపడేది, స్టార్ట్ నొక్కితే ఆట మధ్యలోనే మనిషి మారిపోయేవాడు. ఈ కలెక్షన్‌లో 12 ఆటలున్నాయి. అన్నీ తిరగేశాను. అది లేదు.

ఉండదు కూడా, ఎందుకంటే అది స్ట్రీట్ ఫైటర్ తయారుచేసే క్యాప్‌కామ్ కంపెనీ చేసిన ఆట కాదు. స్ట్రీట్ ఫైటర్ 2లో ఛాంపియన్ ఎడిషన్ అనే వెర్షన్‌ను ఎవరో మార్చి అమ్ముకున్న, మెషిన్ లోపల పెట్టే దొంగ సర్క్యూట్ బోర్డు. రెయిన్‌బో ఎడిషన్ అంటారు. "ఒరిజినల్ అదేరా, తర్వాత పవర్లు తీసేశారు" అని మా అన్నయ్య ఇప్పటికీ వాదిస్తాడు. జరిగింది దానికి తలకిందులు. ఇలాంటి బోర్డుల జోరు చూశాకే 1992 చివర్లో క్యాప్‌కామ్ వేగం పెంచి హైపర్ ఫైటింగ్ అనే వెర్షన్ తెచ్చింది. ర్యూ, కెన్ గాల్లోనే గిర్రున తిరుగుతూ తన్నడం, చున్‌లీ చేతికి ఫైర్‌బాల్ రావడం అందులోనే. నేను ఎక్కువగా ఆడేదీ అదే.

ఇంకో మాట తరచూ వింటుంటాం: కాంబోలు, అంటే ఎదుటివాడు తేరుకునేలోపే వరసగా వేసే దెబ్బలు, ఒట్టి బగ్ అనీ, ఆట బయటికొచ్చేదాకా చేసినవాళ్లకే తెలియదనీ. సగం నిజం. ఎవరూ ప్లాన్ చేసి పెట్టలేదు, అంతవరకు సరే. కానీ బోనస్ స్టేజీలో కారు పగలగొట్టే చోట బగ్‌లు వెతుకుతుంటే, ఒక దెబ్బ పడ్డాక గ్యాప్ లేకుండా ఇంకోటి వేయొచ్చని నిర్మాత నోరిటాకా ఫునమిజు ముందే గమనించారు. ఆ టైమింగ్ ఎవరికి కుదురుతుందిలే అనుకుని వదిలేశారు.

స్ట్రీట్ ఫైటర్ 2 తాలూకు 1991 నాటి మొదటి వెర్షన్‌లో మూడు ఫైట్లు గెలిస్తే ఆ కారు వస్తుంది. అక్కడ సేవ్ చేసుకుని ఒక ఆదివారమంతా దాన్నే బాదాను. తర్వాత మామూలు ఫైట్‌లో ఎగిరి తన్ని, దిగీ దిగగానే కింద కూర్చుని ఒక కిక్, అది తగులుతుండగానే ఫైర్‌బాల్. పదిసార్లు వేస్తే మూడుసార్లు పడింది. ఆయన వదిలేశారంటే వదిలేయరూ మరి! 1993లో సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 వెర్షన్‌కి వచ్చేసరికి ఎన్ని హిట్లో తెర మీదే లెక్క చూపించారు.

ఆటలో షెంగ్ లాంగ్ అనే గురువు దాగున్నాడన్న పుకారు సంగతైతే చెప్పక్కర్లేదు. ర్యూ ఎగిరి గుద్దే షోర్యూకెన్ దెబ్బ పేరులోని అక్షరాలను చైనీస్ లెక్కన చదివిన అనువాదం, దాని మీద 1992లో ఒక అమెరికన్ పత్రిక వేసిన ఏప్రిల్ ఫూల్. అంతే.

1987 నాటి మొదటి స్ట్రీట్ ఫైటర్ మాత్రం అరగంట కంటే ఆడలేం, చేతులు కట్టేసినట్టుంటుంది. కానీ ఒకసారి చూడండి: ఆరు బటన్లు రెండో భాగంతో వచ్చాయనుకుంటారు చాలామంది, ఇందులోనే ఉన్నాయి. కలెక్షన్‌లోనే ఉన్న మ్యూజియం విభాగంలోని పాత డ్రాయింగులు తీరిగ్గా చూడాల్సినవి. మామూలు ప్యాడ్‌తో జాంగీఫ్ అనే మల్లయోధుడి దెబ్బకు కావాల్సిన గుండ్రం తిప్పుడు నాకు ఈరోజుకీ రాదు, తప్పు నా బొటనవేలిదే.

పోయిన సంక్రాంతికి అన్నయ్య వచ్చాడు. కూర్చోబెట్టి హైపర్ ఫైటింగ్ పెట్టాను. వరసగా ఆరు ఓడిపోయి కంట్రోలర్ పక్కన పెట్టేశాడు.

"ఒరిజినల్ పెట్టు, అప్పుడు చెప్తా."