పాటలు ఫోన్లో దొరుకుతాయి కదా అనేవాళ్ళ కోసం: ఆకాశవాణి సంగీతంపై ఒక శ్రోత రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, అయిదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కింద ఉంది.

రివ్యూ దేనికంటే ఆకాశవాణి సంగీత ప్రసారాలన్నిటికీ కలిపి. పొద్దున భక్తిరంజని, శాస్త్రీయ సంగీత కచేరీలు, లలిత సంగీతం, వివిధ భారతి, ఇరవై నాలుగు గంటలూ వచ్చే 'రాగం' చానెల్, ఇవన్నీ. వార్తలు, పొలం పనుల కార్యక్రమాలు, నాటకాలు నా లెక్కలో లేవు, వాటి గురించి రాసేవాళ్ళు వేరే ఉన్నారు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే ఎక్కడ రేడియో మాటొచ్చినా ఎవరో ఒకరు "పాటలు ఫోన్లో దొరుకుతున్నాయి కదండీ, ప్రభుత్వ డబ్బుతో మళ్ళీ రేడియోలో వెయ్యడం దేనికి, ఆ టైములో పనికొచ్చే మాటలు నాలుగు చెప్పించొచ్చుగా" అంటున్నారు. విని విని విసుగొచ్చింది. అనేవాళ్ళలో సగం మంది రేడియో పెట్టి ఏళ్ళయ్యుంటుంది, అది వేరే సంగతి.

ముందు 'రాగం' సంగతి. 2016 జనవరి 26న మొదలుపెట్టారు. కర్ణాటకం, హిందుస్తానీ రెండూ వస్తాయి. డీటీహెచ్‌లో, ఇంటర్నెట్‌లో వినొచ్చు. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, మధ్యలో ప్రీమియం తీసుకోమని ఎవరూ బతిమాలరు. కానీ నేను నాలుగు నక్షత్రాలు ఇస్తున్నది అందుక్కాదు. ఇక్కడ ఏది వినాలో నా చేతిలో లేదు, నాకు అదే కావాలి. ఫోన్లో యాప్ తెరిస్తే నిన్న విన్నదాని తమ్ముణ్ణి ఇవాళ వినిపిస్తుంది, ఇవాళ విన్నదాని చెల్లెల్ని రేపు. కల్యాణి రాగం వింటే ఇంకో కల్యాణి, ఎం.ఎస్. వింటే ఇంకా ఎం.ఎస్. రేడియోలో అలా కాదు, నేను జన్మలో వెతకని ఒక విచిత్రవీణ కచేరీ తగులుతుంది, ఎవరో ధ్రుపద్ (హిందుస్తానీలో పాత పద్ధతి) గాయకుడు ఆలాపనే సాగదీస్తూ ఉంటాడు, మొదటి అయిదు నిమిషాలు చిరాకేస్తుంది, తర్వాత కట్టెయ్యబుద్ధి కాదు.

ఇంకోటి, అనౌన్స్‌మెంట్. కచేరీకి ముందో వెనకో పాడినవారి పేరు, కీర్తన, రాగం, తాళం, వాగ్గేయకారుడు, ఆ తర్వాత వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు, వరసగా చెప్తారు. చిన్న విషయంలా ఉంటుంది గానీ మన ఇళ్ళల్లో పెద్దగా సంగీతం నేర్చుకోనివాళ్ళు కూడా రాగాల పేర్లు ఎలా పట్టుకున్నారనుకుంటున్నారు? ఇలాగే, పనులు చేసుకుంటూ. పాటల యాప్‌లో చూడండి, పక్కవాద్యం వాయించినాయన పేరు ఎన్ని పాటలకి కనిపిస్తుందో. వివిధ భారతిలో 'సంగీత్ సరితా' అని ఒక కార్యక్రమం, ఒక రాగం తీసుకుని దాని స్వరాలు చెప్పి, అందులో కట్టిన సినిమా పాట వినిపించి, ఆ తర్వాత అదే రాగంలో శాస్త్రీయంగా పాడినదో వాయించినదో పెట్టేవారు. పావుగంట అంతే. డబ్బులు కట్టి చేరిన ఆన్‌లైన్ క్లాసుల్లో కూడా నాకు అంత సూటిగా చెప్పినవాళ్ళు తగల్లేదు.

ఇక "దొరుకుతున్నాయి కదా" అనే మాట దగ్గరికొస్తా. దొరుకుతున్నవి ఎక్కడ తయారయ్యాయో చూడాలి కదా. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వీళ్ళంతా ఆ రేడియోలో పనిచేసినవాళ్ళు. పిలిస్తే వచ్చి పాడి వెళ్ళిన అతిథులు కారు, ఉద్యోగులు. నిలయ విద్వాంసులని ఆకాశవాణి కేంద్రాల్లో ఒక వర్గమే ఉండేది, గాయకులు, వైణికులు, వయొలిన్, మృదంగం, ఫ్లూటు, అందరూ నెలజీతం మీద. పాట రాసేవాళ్ళు, ట్యూన్ కట్టేవాళ్ళు, పాడేవాళ్ళు ఒకే బిల్డింగులో ఉంటే ఏమవుతుంది? తెలుగులో లలిత సంగీతం అవుతుంది. సినిమాతో సంబంధం లేని పాట అనేది మనకి ఒకటుందంటే దానికి విజయవాడ, హైదరాబాద్, మద్రాస్ స్టూడియోలే కారణం. హైదరాబాద్‌లో మహాభాష్యం చిత్తరంజన్ గారి పేరు చెప్తే ఒక తరం మొత్తం తలూపుతుంది. విజయవాడ నుంచి 'సంగీత శిక్షణ' అని వచ్చేది, గురువు కీర్తనలో ఒక ముక్క పాడటం, శిష్యులు దాన్ని తిరిగి అనడం, ఇంట్లో కూర్చున్నవాళ్ళు వాళ్ళతో పాటు గొంతు కలపడం. ఓలేటి వారి పాఠాల రికార్డులు ఇవాళ్టికీ చేతులు మారుతూనే ఉన్నాయి. యూట్యూబ్‌లో దొరుకుతుందంటున్న పాత సరుకులో బోలెడంత ఎవరో ఇంట్లో రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి పట్టినదే, ఒక్కోదాంట్లో వెనక ప్రెషర్ కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది. ప్రసారం లేకపోతే ఆ రికార్డింగూ లేదు, ఇవాళ దొరకడమూ లేదు.

ఆకాశవాణిలో పాడటానికీ వాయించడానికీ పెట్టే పరీక్ష, ఆడిషన్ పద్ధతి కూడా చెప్పాలి. బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడ్లు. ఆ గ్రేడుని బట్టే ప్రోగ్రాం, దాన్ని బట్టే పారితోషికం. ఈ గ్రేడింగు మీద విద్వాంసుల్లో తిట్టుకోనివాళ్ళు ఉండరు, అయినా ఎక్కడో చిన్న ఊళ్ళో వయొలిన్ నేర్చుకున్న పిల్ల "నేను ఆకాశవాణి బి హై ఆర్టిస్టుని" అని చెప్పుకోగలగడం మామూలు విషయం కాదు. పెళ్ళి కచేరీలకి పిలుపు దానితోనే వస్తుంది. సంగీతం టైము తగ్గిస్తే పోయేది శ్రోతకి అరగంట కాలక్షేపం ఒక్కటే అనుకుంటారు, ఈ పిల్లకి ప్రోగ్రాం రాదు, ఆ సంగతి ఏ లెక్కలోనూ కనపడదు.

ఇప్పుడు చరిత్ర. ఇది నాకు భలే ఇష్టమైన కథ. 1952లో బి.వి. కేస్కర్ గారు సమాచార, ప్రసార మంత్రి అయ్యారు. పెద్ద సంగీతాభిమాని, అందులో సందేహం లేదు, 1952లోనే సంగీతపు నేషనల్ ప్రోగ్రాం మొదలైంది, 1954లో ఆకాశవాణి సంగీత సమ్మేళనం మొదలైంది. కానీ సినిమా పాట అంటే ఆయనకి గిట్టదు. సినిమా పాటల టైము కోశారు, పాటతో పాటు సినిమా పేరు చెప్పొద్దన్నారు, నిర్మాతలకి కోపం వచ్చి హక్కులు వెనక్కి తీసుకున్నారు, ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మాయం. జనం ఏం చేశారు? ధర్నాలు చెయ్యలేదు. నాబ్ తిప్పారు. పక్కనున్న శ్రీలంక వాళ్ళ రేడియో సిలోన్ దగ్గర యుద్ధకాలం నాటి బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి, అమీన్ సయానీ గొంతుతో హిందీ సినిమా పాటల కార్యక్రమం 'బినాకా గీత్‌మాలా' 1952 చివర్లో మొదలైంది, దేశం దేశమంతా బుధవారం రాత్రి అక్కడే. మన తెలుగువాళ్ళకి కూడా అక్కణ్ణుంచే తెలుగు అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి పలకరింపు. చివరికి 1957 అక్టోబర్ 3న ఆకాశవాణి సినిమా పాటలు వేసే వివిధ భారతి మొదలుపెట్టక తప్పలేదు. అంటే ఈరోజు అందరూ ముద్దుగా చెప్పుకునే వివిధ భారతి, శ్రోతలు అలిగి వెళ్ళిపోతే వాళ్ళని బతిమాలి వెనక్కి తెచ్చుకోడానికి పెట్టింది. (హార్మోనియంని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలోకి రానివ్వలేదు, ఆ ముచ్చట ఇంకోసారి. సంగీతం గురించి ఆఫీసులు నిర్ణయాలు తీసుకుంటే ఇలాంటివే జరుగుతుంటాయి.)

ఇది మన దేశం గొడవ మాత్రమే కాదు. బీబీసీలో '6 మ్యూజిక్' అని డిజిటల్ స్టేషన్, 2002లో పెట్టారు. 2010 మార్చిలో మూసేస్తామని ప్రకటించారు. శ్రోతలు ఊరుకోలేదు, ఉత్తరాలు, మెయిళ్ళు, ఆఫీసు ముందు నిరసన, పెద్ద పెద్ద సంగీతకారులు కూడా గొంతు కలిపారు. తమాషా ఏంటంటే మూసేస్తారట అన్న వార్తతోనే అలాంటి స్టేషన్ ఒకటుందని బోలెడుమందికి తెలిసి వినేవాళ్ళు పెరిగారు. జులైలో బీబీసీ మీద అజమాయిషీ చేసే బీబీసీ ట్రస్ట్ ఆ ప్రతిపాదనని తిప్పికొట్టింది. తర్వాత ఆ స్టేషన్‌కి వారానికి 20 లక్షలకి పైగా శ్రోతలు. అమెరికాలో వాషింగ్టన్ ప్రజా రేడియో 'వెటా' 2005లో శాస్త్రీయ సంగీతం తీసేసి పూర్తిగా వార్తలు, మాటలకి మారింది. 2007 జనవరికల్లా మళ్ళీ సంగీతానికే వచ్చింది, ఆ ఊళ్ళో అప్పటిదాకా శాస్త్రీయ సంగీతం వేస్తున్న ప్రైవేటు స్టేషన్ దాన్ని ఆపేస్తే ఆ జాగా వీళ్ళు తీసుకున్నారు. ప్రైవేటువాడు వేస్తున్నాడు కదా మనకెందుకు అనేవాళ్ళు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు, వాడికి గిట్టుబాటు కాని రోజు చెప్పాపెట్టకుండా ఆపేస్తాడు, అడగడానికి మనకి హక్కుండదు. అన్నిచోట్లా శ్రోతలే గెలిచారనీ అనను. కెనడా సీబీసీ 2008లో తన రేడియో ఆర్కెస్ట్రాని రద్దు చేసింది, 1938 నుంచి ఉన్న ఆర్కెస్ట్రా అది, ఎంత గోల చేసినా ఆగలేదు. ఆస్ట్రేలియాలో 2016 చివర ఏబీసీ రేడియో నేషనల్ సంగీత కార్యక్రమాలు చాలావరకు తీసేసింది, అక్కడా శ్రోతలు మొత్తుకున్నారు.

యాజమాన్యాల వైపు వాదన కూడా ఉంది, లేదనను. కచేరీ రికార్డు చెయ్యాలంటే స్టూడియో కావాలి, ఇంజినీరు కావాలి, ఆర్టిస్టులకి పారితోషికం ఇవ్వాలి, రికార్డు పాట వేస్తే రాయల్టీ కట్టాలి. ఫోన్-ఇన్ ప్రోగ్రాంకి ఒక యాంకరు, ఒక లైను చాలు. పైగా అమెరికాలో ప్రజా రేడియోలు శ్రోతల చందాల మీద నడుస్తాయి, వార్తలు వినేవాళ్ళ నుంచి చందాలు బాగా వస్తున్నాయని లెక్క చూసుకునే చాలా స్టేషన్లు పాటలు తగ్గించాయి. అర్థమైంది. కానీ మన దగ్గర ఆ చందా లెక్క కూడా లేదు కదా, నడిపేది ప్రజల డబ్బుతో, మరి ఎవరి కోసం ఈ పరుగు?

ఒక స్టేషన్ ఉంది, పేరు చెప్పను. సాయంత్రం స్థానిక కళాకారుల గాత్రం, వాద్యం వచ్చే టైములో ఉన్నట్టుండి వేరేచోటి నుంచి రిలే పెట్టడం మొదలెట్టారు. ముందు చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. కొంతమందిమి కలిసి ఉత్తరం రాశాం. "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం" అని జవాబొచ్చింది. అంతరాయానికి చింతిస్తున్నాం అనే మాట చిన్నప్పట్నుంచీ రేడియోలో వింటున్నదేగా, ఆ మాట కూడా రాయలేదు, అదీ నా బాధ.

సరే, ఆ కోసిన నక్షత్రం. ఆకాశవాణి దగ్గరున్న పాత టేపుల ఖజానాలో బయటికొచ్చింది చాలా కొంచెం. 'ఆకాశవాణి సంగీత్' పేరుతో సీడీలు వేశారు, బాగున్నాయి, కానీ దశాబ్దాల పాటు అన్ని కేంద్రాల్లో అంతమంది పాడితే మనకి చేరింది ఎంత? రెండోది, నేషనల్ చానెల్. 1980ల చివర్లో మొదలై రాత్రంతా వచ్చేది, 2019 జనవరిలో ఖర్చు తగ్గింపు పేరుతో ఆపేశారు. నైట్ డ్యూటీలవాళ్ళు, లారీ డ్రైవర్లు, నిద్రపట్టని పెద్దవాళ్ళు వినే టైము అది, వాళ్ళు మెయిళ్ళు రాసి ఉద్యమాలు చేసే రకం కాదు. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు కూడా ఒక్కోచోట ఆగిపోతున్నాయి. నెట్‌లో వినండి అంటే మనం వింటాం, పాత సెట్టు ఒక్కటే తిప్పడం వచ్చిన ముసలాయన ఏం చెయ్యాలి.

ఇంతా చెప్పి ఎవరికి సిఫార్సు చేస్తానంటే, సంగీతం రాదు గానీ ఇష్టం అనుకునే ప్రతివాళ్ళకీ. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారు నుంచి పంచరత్న కీర్తనల ప్రత్యక్ష ప్రసారం వస్తుంది, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి, అంతమంది విద్వాంసులు ఒక్క గొంతుతో పాడుతుంటే హెడ్‌ఫోన్స్‌లో కన్నా గదిలో స్పీకర్ మీద బాగుంటుంది. పొద్దున్నే ఫోన్ చూసే పది నిమిషాలు భక్తిరంజనికి ఇచ్చి చూడండి. పిల్లలకి రాగాలు నేర్పాలని టెన్షన్ పడే తల్లిదండ్రులు క్లాసు ఫీజు కట్టే ముందు ఒక నెల 'రాగం' ఇంట్లో ఊరికే మోగనివ్వండి.

వినేవాళ్ళకి చిన్న మనవి. మీ దగ్గర ఏదైనా సంగీత కార్యక్రమం తీసేస్తే "రేడియో పాడైపోయింది" అని నిట్టూర్చి ఊరుకోకండి, అలాగని పాతరోజుల గురించి నాలుగు పేజీలూ రాయకండి, ఎవరూ చదవరు. కార్యక్రమం పేరు, వచ్చే రోజు, టైము, ఎప్పట్నుంచి ఆగింది, దాని బదులు ఏం వేస్తున్నారు, ఇంతే రాసి ఆ కేంద్రం ప్రోగ్రాం హెడ్‌కి పంపండి, ఒక కాపీ ఢిల్లీలో ఆకాశవాణి పెద్దాఫీసుకి కూడా. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. స్థానిక కళాకారులకి గత ఏడాది ఎన్ని ప్రోగ్రాంలు ఇచ్చారు, అంతకు ముందు ఏడాది ఎన్ని, ఈ ఒక్క ప్రశ్న చాలు. పైన చెప్పిన ఆ పేరు చెప్పని స్టేషన్‌కి మేం ఇప్పుడు పంపబోతున్నది అదే. అంకెలు వచ్చాక ఈ రివ్యూ కింద కలుపుతా, నక్షత్రాలు మార్చాల్సొస్తే మారుస్తా కూడా.