పాత హిమాలయన్ 411, కొత్త 450: రెండూ నడిపినవాడి మాట

డబ్బు మిగులుతుందన్న ఒక్క కారణంతో పాత టూరింగ్ బండి కొనకండి. నన్ను అడిగేవాళ్ళలో చాలామంది లెక్క అక్కడే మొదలవుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నా. "కొత్తది ఆన్‌రోడ్ మూడున్నర లక్షలు దాటుతోంది, పాతది లక్షా పాతికకి వస్తోంది, రెండు లక్షలు జేబులోనే కదా" అంటారు. మిగులు ఆ మాట చెప్పినంత ఉండదు. ఉన్నా, దానికోసమే కొన్నవాళ్ళు ఏడాది తిరక్కుండా అమ్మేసి షోరూమ్‌కి వెళ్ళడం నా చుట్టూ చూస్తూనే ఉన్నాను.

నాది 2018 రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 411 సీసీ, బీఎస్4 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం). సెకండ్ హ్యాండ్‌లో కొని నాలుగేళ్ళ పైమాటే. మా బావమరిది 2024లో హిమాలయన్ 450 కొత్తది తీసుకున్నాడు. ఇద్దరం ఉండేది హైదరాబాద్‌లో, చుట్టాలంతా నర్సీపట్నం వైపు. పండక్కీ పెళ్ళికీ కలిసే బయల్దేరతాం, దారిలో బండ్లు మార్చుకుంటాం. ఒకే రోజు, ఒకే రోడ్డు మీద రెండూ నడపడం వల్ల పోల్చడం నాకు తేలికైంది.

ముందు ఖర్చు సంగతి తేల్చేద్దాం. నా బండి ముందు యజమాని చైన్‌కి నూనె చూపించిన దాఖలా లేదు. స్ప్రాకెట్ పళ్ళు మొనదేలి ఉన్నాయి, సెట్ మొత్తం మార్చాల్సి వచ్చింది. టైర్ల గాట్లు పైకి బాగానే కనిపించాయి కానీ, పక్కన అచ్చువేసిన నాలుగంకెల తేదీ చూస్తే అవి బండితో పాటు వచ్చినవే. ఆ నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తరవాతి రెండు సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో 23వ వారం అన్నమాట. రబ్బరు గట్టిపడిన టైర్లతో వానలో ఘాట్ దిగే ధైర్యం నాకు లేదు, రెండూ మార్చాను. బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, ఫోర్క్ ఆయిల్ సీళ్ళు, హ్యాండిల్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు), క్లచ్ కేబుల్ కూడా వరసగా వచ్చాయి. ఇవన్నీ నాలుగేళ్ళు తిరిగిన ఏ బండికైనా ఉండే అరుగుదలే. పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ బజారులో సామాన్లు తెచ్చి నమ్మకమైన మెకానిక్ దగ్గర వేయించినా, కూలితో కలిపి మొదటి ఏడాదిలో నలభై వేలు దాటింది. ఇన్సూరెన్స్‌లో ఇంకో మెలిక ఉంది. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండితో రాదు, ఆయనతోనే పోతుంది. సైడు పెట్టెలు, క్రాష్ గార్డులు ఏ బండికైనా విడిగా కొనుక్కోవాల్సినవే కాబట్టి వాటిని లెక్కలో వేయను.

ఇంత చేశాక కూడా లక్షన్నర దాకా మిగిలిందనుకోండి. ఆ మిగులుకు బదులుగా వదులుకునేది గంటకు 90 కిలోమీటర్ల పైన ఉన్న వేగం. ఈ రెండు బండ్ల మధ్య అసలు గీత అక్కడుంది, మిగతావన్నీ దాని తరవాతే.

పాత ఇంజిన్ బోరు (సిలిండర్ వెడల్పు) 78 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 86. అంటే పిస్టన్ ఎక్కువ దూరం తిరుగుతుంది, లాగుడంతా ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే ఉంటుంది. 32 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) 4,000 నుంచి 4,500 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్యే అందుతుంది, పవర్ మాత్రం 24.5 హార్స్‌పవర్‌తో ఆగిపోతుంది. కొత్త 452 సీసీ ఇంజిన్ దీనికి తలకిందులు. బోరు 84, స్ట్రోక్ 81.5, నీళ్ళతో చల్లబడే ఇంజిన్, ఆరు గేర్లు, 8,000 ఆర్‌పీఎమ్ దగ్గర 40 హార్స్‌పవర్. పేరు ఒకటే, స్వభావాలు వేరు.

విజయవాడ హైవే ఎక్కగానే ఇది తెలిసిపోతుంది. (ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూ వీలర్లను రానివ్వరు కాబట్టి ఊరు దాటేదాకా ఇద్దరి గతీ ఒకటే.) చౌటుప్పల్ దాటాక నా బండి 80, 85 దగ్గర హాయిగా పోతుంది. రోజంతా అలాగే పొమ్మన్నా పోతుంది. 100కి తీసుకెళ్తే ఫుట్‌రెస్టుల్లో, హ్యాండిల్‌లో వైబ్రేషన్ మొదలవుతుంది, ఇంజిన్ చప్పుడు మారుతుంది. లారీని దాటాలంటే ముందు ఎంత ఖాళీ ఉందో చూసుకుని, ఒక గేరు దించి, అప్పుడు వెళ్ళాలి. 450 మీద 110లో పోతూ ఉన్నా ఆరో గేరులోనే థ్రాటిల్ తిప్పితే చాలు. ఈ తేడా విజయవాడ దాకా పెద్దగా పట్టదు. ఏలూరు, రాజమండ్రి మీదుగా తుని చేరేసరికి, అయిదొందల కిలోమీటర్లు దాటాక, నడుం చెబుతుంది. మావాడు మొదట్లో నాకోసం నెమ్మదిగా వచ్చేవాడు. ఇప్పుడు "బావా, నువ్వు ముందు బయల్దేరు, నేను టిఫిన్ చేసి కలుస్తా" అంటాడు. కలుస్తాడు కూడా.

తుని నుంచి నర్సీపట్నం, అక్కణ్ణుంచి లంబసింగి ఘాట్. ఇక్కడ కథ తిరగబడుతుంది. రెండో గేరులోనో మూడో గేరులోనో పెట్టి వదిలేస్తే 411 మలుపు తరవాత మలుపు ఎక్కేస్తుంది. క్లచ్ పట్టుకునే పని చాలా తక్కువ. పొగమంచులో, రోడ్డు మీద తడి ఆకుల మధ్య నాకు కావాల్సింది ఆ నిదానమే. 450ని అదే మలుపులో మూడో గేరులో ఉంచితే సణుగుతుంది, రెండోది వేయాలి, వేస్తే ఒక్కసారిగా దూకుతుంది. ఎకో మోడ్ (థ్రాటిల్ స్పందనను మెత్తబరిచే సెట్టింగు) పెడితే కొంత నయం. అయితే గుంతల మీద కొత్తదాని ముందు ఫోర్కులు, మీటరు దగ్గర్నుంచి బ్రేకుల దాకా అన్నీ మెరుగు, అందులో వాదన లేదు. రాత్రిపూట ఎల్ఈడీ హెడ్‌లైట్ కూడా అంతే. నా పాత హాలోజెన్ బల్బుతో మారేడుమిల్లి ఘాట్ చీకట్లో దాటడం నేను మానుకున్నాను.

శ్రీశైలం దారి ఇంకో ఉదాహరణ. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక రోడ్డంతా అమ్రాబాద్ పులుల అడవిలోంచే. రాత్రి గేటు మూసేస్తారు, పగలైనా అక్కడ వేగంగా పోకూడదు, పోవాల్సిన పనీ లేదు. అలాంటి దారులే మీ ప్రయాణాల్లో ఎక్కువైతే 40 హార్స్‌పవర్‌కి డబ్బు కట్టి వాడకుండా పెట్టుకున్నట్టే.

రిపేర్ల విషయంలో పాతదే గెలుస్తుందని అందరూ అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. థ్రాటిల్ కేబుల్, గాలితో చల్లబడే ఇంజిన్, చిన్న ఊళ్ళో కూడా చెయ్యి పెట్టగలిగే మెకానిక్ ఉండటం నిజమే. కొత్తదానిలో రైడ్ బై వైర్ (కేబుల్ బదులు ఎలక్ట్రానిక్ థ్రాటిల్), రేడియేటర్, సెన్సర్లు. ఏదైనా తేడా వస్తే స్కానర్ ఉన్న చోటికి వెళ్ళాలి. కానీ దారిలో మనల్ని ఎక్కువసార్లు ఆపేది ఇంజిన్ కాదు, పంక్చర్. నా బండివి స్పోక్ చక్రాలు, లోపల ట్యూబులు. వెనక చక్రం విప్పి, ట్యూబ్ తీసి, అతికించి, మళ్ళీ ఎక్కించేసరికి గంట పోతుంది. అదీ దగ్గర్లో షాపు ఉంటే. మెయిన్ స్టాండ్ ఉండబట్టి బతికిపోతున్నాను. 450కి 2024 చివర్లో ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు వచ్చాయి; మావాడు తరవాత అవి వేయించుకున్నాడు. సంచిలో పంక్చర్ కిట్టు, చిన్న ఎయిర్ పంపు ఉంటే పది నిమిషాల పని. కొత్తది కొనేవాళ్ళకు ఈ ఒక్క సౌకర్యానికి మాత్రం ఇంకొంచెం పెట్టమని చెబుతాను.

పెట్రోల్ గురించి కూడా ఆలోచించాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపినది. 2018 బండి దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది కాదు. నేను ఫ్యూయల్ పైపులు, రబ్బరు వాషర్లు ముందుజాగ్రత్తగా మార్పించాను, బండిని ట్యాంకు నిండా పోసి నెలల తరబడి నిలబెట్టను. లీటరుకు 30 అటూ ఇటూ ఇచ్చేది, ఈ మధ్య కాస్త తగ్గినట్టే ఉంది.

మా ఆవిడ తీర్పు వేరు. ఆమెకు 450 వెనక సీటే నచ్చింది, ఎందుకంటే వైబ్రేషన్ లేదు. ఎక్కడం మాత్రం కష్టమంటుంది. నాకూ అంతే. పాతదాని సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, కొత్తదానిది తగ్గించి పెట్టినా 825. నా ఎత్తు అయిదున్నర అడుగుల లోపే. పెట్టెలు తగిలించాక, ఇసుక పరిచిన పెట్రోల్ బంకులో నిలబెట్టేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. రెండూ రెండొందల కిలోలకు దగ్గర్లో తూగే బండ్లు, పక్కకు ఒరిగితే ఒక్కడి వల్ల ఆగవు. జంటగా, సామానుతో, ఫోర్ లేన్ హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళకు నేను మొహమాటం లేకుండా 450 అంటాను. ఒంటరిగా, తొందర లేకుండా, సెలవుల్లో అడవి దారులు పట్టుకునేవాళ్ళకు 411.

411లో ఏది? 2016లో వచ్చిన మొదటి బండ్లు కార్బొరేటర్‌వి, వాటికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు. చవకగా దొరికినా నేను వద్దంటాను, ముఖ్యంగా ఏబీఎస్ లేనందుకు. 2017లో బీఎస్4తో ఫ్యూయల్ ఇంజెక్షన్, 2018లో ఏబీఎస్ వచ్చాయి. 2020 నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో మట్టిరోడ్డు మీద వెనక ఏబీఎస్ ఆపుకోవచ్చు. 2021లో ట్రిప్పర్ నావిగేషన్ (మీటరు దగ్గర దారి చూపే చిన్న తెర) చేరింది, నాకైతే ఫోనే చాలు. ఇప్పుడు కొనేవాళ్ళు 2020 తరవాతివి చూస్తే అరుగుదల ఖర్చు కాస్త తగ్గుతుంది. ఉత్పత్తి ఆగింది 2023లోనే కాబట్టి సామాన్లకు ఇప్పట్లో కరువు లేదు.

మూడో దారి ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మారినప్పుడు 350 సీసీ దాకా బండ్లకు 18 శాతానికి తగ్గింది, ఆపైన వాటికి 40 శాతం అయింది. 2023 నవంబరులో 2.69 లక్షలతో మొదలైన 450 ఎక్స్-షోరూమ్ ధర మూడు లక్షలు దాటింది. దాంతో 2023, 2024 నాటి 450లు సెకండ్ హ్యాండ్‌లో బాగా అర్థవంతమైన బేరం అయ్యాయి. మొదటి యజమాని పెట్టెలు, గార్డులు కూడా పెట్టించి ఉంటే ఇంకా మంచిది. అప్పట్లో ఈ అవకాశం ఉండి ఉంటే నేనూ అటే మొగ్గేవాణ్ణేమో.

ఏది కొన్నా కాగితాలు చూడండి. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చండి, పెండింగ్ చలానాలు ఆన్‌లైన్‌లో చూసి కట్టించండి, యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదురుగానే తీసుకోండి. ట్రాన్స్‌ఫర్ అయిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్పించుకోండి. మా ఆఫీసు కుర్రాడొకడు 2021 బండి మోజులో పడ్డాడు, బేరం కూడా కుదిరింది, కానీ ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు ఇంకా అలాగే ఉంది. లోన్ ఎప్పుడో తీరిపోయిందని అమ్మేవాడి మాట. ఫైనాన్స్ వాళ్ళ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీ మీంచి వాళ్ళ పేరు తీయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దన్నాను.