గొల్లపల్లిలో కొన్న బొబ్బిలి వీణ, ఆరు నెలలు వాడాక నా రివ్యూ

మాది శ్రీకాకుళం. మా పాప మూడేళ్లుగా వీణ నేర్చుకుంటోంది, ఇన్నాళ్లూ టీచర్ గారి పాత వీణ మీదే లాక్కొచ్చాం, ఇంక సొంతది కొనక తప్పదు అనుకున్నాక ఆన్‌లైన్లో చాలా చూసి చూసి చివరికి బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్లి చేసేవాళ్ల దగ్గరే చేయించుకున్నాం. కొన్న వారానికే రివ్యూ రాస్తే ఎండాకాలం తట్టుకుంటుందో లేదో తెలీదు కదా, అందుకే ఆగాను.

మేం తీసుకుంది ఏకాండి వీణ. అంటే నాదం పలికే కుండ, పొడుగాటి దండి, చివరన సింహం లాంటి యాళి తల అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలిచినవి, ఈ మూడింటి మధ్య అతుకు ఉండదు. తీగ నొక్కే 24 ఇత్తడి మెట్లు నల్లటి మైనం మీద కూర్చుంటాయి, పైన 4 తీగలు, పక్కన తాళానికి 3. మాకు 32 వేలు పడింది. షోకేసులో పెట్టుకునే బుల్లి వీణలు కూడా అక్కడే చేస్తారు, సన్మానాల్లో ఇచ్చేవి ఎక్కువగా అవే, చాలా ముచ్చటగా ఉంటాయి కానీ నేర్చుకునే పిల్లలకి మాత్రం పెద్దదే కొనండి.

మొదటిసారి వెళ్లినప్పుడు వాకిట్లో ఒకాయన దుంగ మీద కూర్చుని బాడిసతో కుండ లోపల చెక్కుతున్నాడు, పసుప్పచ్చటి పొట్టు ఆయన కాళ్ల చుట్టూ కుప్ప పడి ఉంది, నాలుగు దెబ్బలు వెయ్యడం, వేళ్ల కణుపులతో పైన తట్టి చెవి పెట్టి వినడం, మళ్లీ నాలుగు దెబ్బలు. స్కేలు లేదు ఏమీ లేదు. మా పాప అరగంట అక్కణ్ణుంచి కదల్లేదు.

రెండు నెలల్లో ఇస్తామని మూడున్నర నెలలు చేశారు, నాకు కోపం వచ్చింది, ఫోన్లో గట్టిగానే అడిగాను. "దుంగ ఇంకా ఆర్లేదు బావూ, పచ్చిది తొలిచీసి ఇచ్చీగల్ను, రేపు మీ ఇంటికాడ పగుల్తాది" అన్నాడాయన. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఆలస్యమే మంచిదైంది, మే నెల ఎండలకి చెక్క ఎక్కడా నెరియ కూడా ఇవ్వలేదు.

ఆర్డరిచ్చి వచ్చేస్తుంటే ఇంట్లో పెద్దాయన "యుద్ధ స్తంభం చూసారా, చూణ్ణేదా? చూసెల్లండి, గుంటకి కూడా చూపించండి" అన్నారు, గుంట అంటే మా వైపు ఆడపిల్ల. నిజం చెప్పాలంటే ఇంత దగ్గర ఊళ్లో ఉండి నేను ఎప్పుడూ చూళ్లేదు. మా అమ్మమ్మ జంగాలు పాడి చెప్పే బొబ్బిలి యుద్ధం కథ విని మాకు చెప్పేది, వీరుడు పాపారాయుడు, రాణి మల్లమ్మ దేవి అన్నీ అలా తెలిసినవే. వెళ్లాం. పాత కోట ఉన్న నేల మీద 1891లో బొబ్బిలి మహారాజు కట్టించిన స్తంభం అది. మేం వెళ్లిన మధ్యాహ్నం అక్కడ ఇంకెవరూ లేరు.

మనం దాన్ని వీరగాథ అని చెప్పుకుంటాం, నాకు మాత్రం అక్కడ నిలబడ్డాక అది ఊరికి ఊరు చచ్చిపోయిన చోటు అనిపించింది. 1757 జనవరి 24. విజయనగరానికీ బొబ్బిలికీ ఎప్పట్నుంచో పడదు, పొలాలకి పారే నీళ్ల దగ్గర కూడా తగాదాలే, విజయనగరం రాజు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మట్టికోట మీద ఫిరంగులు. ఇంక కోట నిలవదని తెలిసిపోయాక లోపలున్నవాళ్లు ఆడవాళ్లనీ పిల్లల్నీ శత్రువు చేతికి చిక్కకుండా వాళ్ల చేతుల్తో వాళ్లే చంపుకున్నారు, ఇళ్లకి నిప్పు పెట్టుకున్నారు, తర్వాత బొబ్బిలి రాజు రంగారావు గారితో సహా పోరాడి చనిపోయారు. తాండ్ర పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడు. మేం వెళ్లింది కూడా రాజాం మీదుగానే, ఆ దారిలో మా పాప "మరి ఆయన ఎందుకు రాలేదు" అని అడుగుతూనే ఉంది. కబురు సమయానికి అందలేదు అమ్మా అన్నాను. తర్వాత రాత్రి పూట గుడారంలో దూరి విజయరామరాజుని చంపాడు, కథలో అందరూ చప్పట్లు కొట్టే చోటు అది, కానీ అప్పటికి కోటలో చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు.

నాకు మనసులో నిలిచిపోయింది ఇంకొకటి. అంత చావులోంచి ఒక ముసలాయన రంగారావు గారి కొడుకుని, చిన్నపిల్లాణ్ణి, దాచి తీసుకొచ్చి ఒక ఫ్రెంచి అధికారి చేతిలో పెట్టాడు. ఆ పిల్లాడే తర్వాత చిన రంగారావు. విజయనగరం వాళ్ల ఖైదు, అక్కణ్ణుంచి నైజాంకి పారిపోవడం, 1794లో ఇంగ్లీషు వాళ్ల చేతిలో విజయనగరం ఓడిన పద్మనాభం యుద్ధం అయ్యాక గానీ బొబ్బిలి మళ్లీ చేతికి రాలేదు. కొత్త ఊరు పాత కోటకి కొంచెం దూరంగా కట్టుకున్నారు. స్తంభం లేచేసరికి 1757 నుంచి 134 ఏళ్లు. ఆ ముసలాయన పేరు మా అమ్మమ్మ చెప్పిన కథలో ఎక్కడా లేదు, ఆయనకి కూడా ఆ రాయి మీద చోటుండాల్సింది.

బొబ్బిలిలో వీణ, ఈ సంస్థానం మొదలుపెట్టిన పెద రాయుడి కాలం నుంచీ ఉందని ఊళ్లో చెప్తారు. మరి కోటే పోయాక ఈ పని ఎలా మిగిలింది అని వీణ తీసుకోడానికి వెళ్లినప్పుడు అడిగాను. "మా తాత చేసీవోడు, ఆళ్ల తాత చేసీవోడు, అంతే తెల్సు బావూ" అని తీగ బిగిస్తూ చెప్పాడాయన. నాకు ఆ జవాబు చాలు.

ఇంక లోపాలు. ఏప్రిల్లో మైనం మెత్తబడి మంద్రంలో, అంటే కింది స్థాయిలో, ఒక మెట్టు ఒరిగింది, తీగ అక్కడ బరబరమనేది. తీసుకెళ్తే మైనం కాస్త వేడి చేసి, మెట్టు సరిచేసి, ఒక్కొక్కటీ మీటి విని ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. పంచమం తీగ బిగించే బిరడ మొదట్లో జారేది, సుద్ద రాయమన్నారు, రాశాక ఆగింది. కింద పెట్టుకోడానికి ఇచ్చిన గుడ్డ చుట్ట మాత్రం బాగోలేదు, మేం ఇంట్లో పాత చీరతో కొత్తది కుట్టుకున్నాం. నాదం గురించి నేను చెప్పేకంటే టీచర్ గారి మాట చెప్తాను, మంద్రంలో ఒక్క మీటు మీటి అది పూర్తిగా ఆగేదాకా ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఎవరు చేశారు" అని అడిగారు.

ఐదుకి ఐదు ఇస్తున్నాను. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, ముందు స్తంభం చూసుకుని తర్వాత గొల్లపల్లి వెళ్లండి, పిల్లల్ని తీసుకెళ్లండి. దుంగ ఎన్నాళ్లు ఆరిందో అడగండి, తొందర పెట్టకండి. వచ్చేటప్పుడు ఇంకో సెట్టు తీగలు, కాస్త మైనం అడిగి తెచ్చుకోండి, ఇస్తారు.