చౌమహల్లా, ఫలక్‌నుమా: ఒక్కటే చూడాలంటే ఏది?

సెలవులు దగ్గర పడితే చాలు, హైదరాబాద్ వచ్చే చుట్టాలంతా అడిగేది ఇదే: "టైమ్ తక్కువుంది, నిజాం ప్యాలెస్‌లలో ఏది చూడమంటావ్?"

హంగు చూస్తే ఫలక్‌నుమాదే పైచేయి. కొండ మీద ఉంటుంది, కింద ఊరంతా కనిపిస్తుంది. 101 మంది కూర్చునే భోజనాల బల్ల, విండ్సర్ కోటలోని దాన్ని చూసి చేయించిన లైబ్రరీ. నిజాం కొలువులోని పాయిగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా తన కోసం కట్టించుకుంటే చివరికి అది ఆరో నిజాం చేతికి వెళ్లింది. కాకపోతే 2010 నుంచి తాజ్ హోటల్. రూమో, టీయో, డిన్నరో ముందుగా బుక్ చేసుకోకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. పిల్లాపాపలతో వెళ్తే బిల్లు చూసి టెన్షన్ తప్పదు.

నామటుకు నాకు డబ్బు కన్నా పెద్ద తేడా ఇంకోటుంది. నచ్చినచోట నచ్చినంత సేపు ఆగగలమా లేదా అన్నది. ఫలక్‌నుమాలో మనం అతిథులం, వాళ్లు చూపించినంతే చూస్తాం. చౌమహల్లాలో టికెట్ కొన్నాక అడిగేవాళ్లుండరు. ఖిల్వత్ అనే దర్బారు హాలు ముందున్న కొలను గట్టున ఎంతసేపైనా కూర్చోవచ్చు. దక్షిణం వైపు అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, అఫ్తాబ్ మహళ్లు, వాటి నడుమ తోట. ముసలివాళ్లు చెట్టు నీడన కూర్చుంటే పిల్లలు వెళ్లి 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ చూసొస్తారు.

పైగా రాజ్యం నడిచింది ఇక్కడ. దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్ల కింద పాలరాతి గద్దె ఇంకా ఉంది. 1967లో ఏడో నిజాం మనవడు ముకర్రం జాకు పట్టాభిషేకం జరిగింది ఈ ప్యాలెస్‌లోనే. 2023 జనవరిలో ఆయన ఇస్తాంబుల్‌లో చనిపోతే, జనం చివరిచూపు కోసం తీసుకొచ్చిందీ ఇక్కడికే. ఫలక్‌నుమా ఎంత మెరిసినా దానికి ఈ బరువు లేదు.

పెళ్లిరోజుకి ఇద్దరే వెళ్తుంటే మాత్రం సాయంత్రం ఫలక్‌నుమాకే వెళ్లండి, కాదనను. పురానీ హవేలీలో ఆరో నిజాం బట్టల బీరువా ఒక వింత, టైమ్ మిగిలితే చూడొచ్చు. గోల్కొండ కోట, ప్యాలెస్ కాదు, దాన్ని ఈ పోటీలోకి తేవద్దు.

చౌమహల్లాకు శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో తెరిచే వేళకే వెళ్తే ఎండ ముదరకముందే తోట తిరిగేయొచ్చు, పాతబస్తీ ట్రాఫిక్ కూడా కాస్త నయం. గాజులు కొనే పనుంటే లాడ్‌బజార్ నడిచే దూరమే.